ప్రెషర్ వాషర్‌తో మూడేళ్ళు: నురగ నచ్చింది, ప్రెషర్ మాత్రం నా బేరింగులు తినేసింది

బైక్ కడగడానికి నీళ్ళని గట్టి ధారగా కొట్టే ఈ ప్రెషర్ వాషర్ కొత్తగా కొన్నప్పుడు, గుడ్డ తగలకుండానే బండి శుభ్రమైపోతుందని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా కొనుక్కోమని చెప్పాను. ఇప్పటికి మూడేళ్ళు దాటింది. మోటారు బాగానే తిరుగుతోంది, గన్ కారడం లేదు, పైపు కప్లింగ్ దగ్గర ఒక రబ్బరు రింగు మార్చానంతే. కాబట్టి మెషీన్ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నా కోపమంతా దాని పేరులో ఉన్న మొదటి మాట మీదే. ఎన్ని వాట్లు, ఎన్ని బార్లు అన్నది డబ్బా మీదే రాసి ఉంటుంది, అవి వదిలేస్తున్నాను. ఆ ప్రెషర్ నా బైక్‌ని ఏం చేసిందో మాత్రం వివరంగా చెప్తాను.

అంతకుముందు బకెట్, మగ్గు, పాత బనియన్ గుడ్డ, అంతే నా సరంజామా. గంటన్నర పట్టేది. మడ్‌గార్డ్ లోపల, వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ కింద ఎండి గట్టిపడిన బురదని గోళ్ళతో గీకాల్సి వచ్చేది. వాషర్ వచ్చాక ట్రిగ్గర్ నొక్కితే చాలు, అదే బురద పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయేది. ఆ సుఖం ఒకసారి అలవాటైతే చెయ్యి ఆగదు. చైన్ మీద కొట్టాను, చైన్ పట్టే పళ్ళ చక్రం, అదే స్ప్రాకెట్, వెనక పేరుకున్న నల్ల జిడ్డు మీద కొట్టాను, చక్రం మధ్యలో హబ్ మీద జానెడు దూరం నుంచి కొట్టాను. అలా ప్రతి ఆదివారం, అదీ బయట తిరిగొచ్చిన వెంటనే, ఎందుకంటే పచ్చి బురదైతే తేలిగ్గా పోతుందని నా లెక్క. ఏడాది పాటు బైక్ షోరూమ్‌లోంచి అప్పుడే తెచ్చినట్టు ఉండేది, చూసినవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు, నాకు చాలా సంతోషంగా ఉండేది.

రెండో ఏడాది సగానికి వచ్చేసరికి వెనక నుంచి సన్నగా ఒక హోరు మొదలైంది. 40 స్పీడు దాటాక వినిపించేది, స్పీడుతో పాటు పెరిగేది, క్లచ్ నొక్కినా తగ్గేది కాదు. క్లచ్ నొక్కినా ఉందంటే ఇంజన్‌ది కాదని అర్థమైంది గానీ, టైరుదేమో అనుకున్నాను, అప్పటికే వెనక టైరు మధ్యలో చదునుగా అరిగిపోయి ఉంది. టైరు మార్పించాను, హోరు పోలేదు. చైన్ బిగువు సరిచేసి లూబ్ పెట్టాను. రెండ్రోజులు తగ్గినట్టనిపించింది, తగ్గాలని నేను కోరుకోవడం వల్ల అలా అనిపించి ఉంటుంది. ఆ తర్వాత మలుపుల్లో వెనక భాగం తేలిపోతున్నట్టు, సీటుని ఎవరో పక్కకి మెల్లగా నెడుతున్నట్టు అనిపించడం మొదలైంది. అప్పుడు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

సెంటర్ స్టాండ్ వేసి చక్రం పై అంచు ఒక చేత్తో, కింది అంచు ఇంకో చేత్తో పట్టుకుని ఊపి చూశాను. స్వింగ్ ఆర్మ్ కదలట్లేదు, చక్రం మాత్రం టక్ టక్ అని కదులుతోంది. తిప్పి వదిలి స్వింగ్ ఆర్మ్ మీద అరచెయ్యి పెడితే లోపల ఇసుక నలుగుతున్నట్టు చేతికి తెలిసింది. ఇదే పరీక్ష ముందే చేసి ఉంటే టైరు ఇంకొన్నాళ్ళు వాడుకునేవాణ్ణి.

మెకానిక్ చక్రం విప్పి, దాని మధ్యలోంచి పోయే యాక్సిల్ కడ్డీ లాగితే దాని మీద తుప్పు చారలున్నాయి. హబ్‌లో ఉండే బేరింగ్, అంటే చక్రం తేలిగ్గా తిరగడానికి రెండు రింగుల మధ్య గుండ్లు పెట్టిన భాగం, బయటికి తీసి, లోపలి రింగులో వేలు పెట్టి తిప్పమని నా చేతికే ఇచ్చాడు. పావు చుట్టు తిరిగి పట్టేసింది. రబ్బరు సీల్‌ని సన్న స్క్రూడ్రైవర్‌తో లేపితే లోపల గ్రీజన్నది లేదు, ఎర్రమట్టి కలిపిన నీళ్ళలాంటిదేదో ఉంది, గుండ్లు మెరుపు పోయి గుంటలు పడి ఉన్నాయి. "నీళ్ళు ప్రెషర్‌తో కొడతారా సార్?" అని అడిగాడు. అవునన్నాను. ఇంకేమీ అనకుండా రెండోవైపు బేరింగ్ తియ్యడం మొదలుపెట్టాడు. అదీ పోయింది. స్ప్రాకెట్ ఉండే క్యారియర్‌లో ఇంకో బేరింగ్ ఉంటుంది, అది కూడా కొద్దిగా వదులై ఊగుతోంది. మూడూ మార్పించాను.

పాత బేరింగ్ మీద 6302-2ఆర్‌ఎస్ అని ఉంది. చివరి 2ఆర్‌ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీల్ ఉన్నదని, 02 అంటే లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లని. రెండు వైపులా సీల్ ఉన్నాక నీళ్ళెలా వెళ్ళాయన్నదే నాకు అర్థం కాలేదు, ఇంటికొచ్చాక చాలాసేపు దాని గురించే చదువుతూ కూర్చున్నాను. ఆ సీల్ పని లోపలి గ్రీజు బయటికి రాకుండా, బయటి దుమ్మూ వానచినుకులూ లోపలికి పోకుండా చూడటం. సన్నటి అంచు ఒకటి లోపలి రింగుని ఆనుకుని ఉంటుంది, అంతే. దగ్గర నుంచి సూటిగా కొట్టే నీటి ధారకి ఆ అంచు లేచిపోతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకో సంగతి. తిరిగొచ్చిన బైక్‌కి హబ్ వెచ్చగా ఉంటుంది, బేరింగ్ లోపలి గాలి కూడా వేడెక్కి వ్యాకోచించి ఉంటుంది. దాని మీద ఒక్కసారిగా చల్లటి నీళ్ళు పడితే ఆ గాలి కుంచించుకుపోయి, సీల్ అంచు దగ్గర ఉన్న నీటిని లోపలికి పీల్చేసుకుంటుంది. అంటే బురద పచ్చిగా ఉన్నప్పుడే కడగాలని నేను పెట్టుకున్న పద్ధతే, ఆ ధార కంటే తక్కువేమీ కాకుండా, బేరింగులకి నీళ్ళు పట్టించింది.

బిగించేటప్పుడు మెకానిక్ పని పక్కనే నిలబడి చూశాను, చూడదగ్గ పనే. బేరింగ్ కొట్టి దింపేటప్పుడు దెబ్బ బయటి రింగు మీదే పడాలి, లోపలి రింగు మీద పడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి కొత్త బేరింగ్ అక్కడే పాడవుతుంది. అతను పాత బేరింగ్‌నే అడ్డంగా పెట్టి దాని మీద కొట్టాడు. రెండు బేరింగుల మధ్య ఎడం ఉంచే స్పేసర్ గొట్టం మర్చిపోతే యాక్సిల్ బిగించగానే బేరింగులు పక్కల నుంచి నలిగిపోతాయి, అందుకే రెండో బేరింగ్ దించే ముందే దాన్ని లోపల పెట్టుకున్నాడు.

చైన్ సంగతి కూడా ఇలాంటిదే. ఓ-రింగ్ చైన్‌లో లింకు పిన్నుకీ దాని చుట్టూ ఉండే చిన్న గొట్టానికీ (బుష్) మధ్య ఫ్యాక్టరీలోనే గ్రీజు నింపి, చిన్న రబ్బరు రింగులతో మూసేస్తారు. ఆ గ్రీజు ఒకసారి పోయిందంటే మనం పైనుంచి ఎంత లూబ్ కొట్టినా అక్కడికి చేరదు. నా చైన్‌లో రెండు లింకులు బిగుసుకుపోయి స్ప్రాకెట్ మీద వంగకుండా ఎగురుతున్నాయి. అది ప్రెషర్ వల్లేనని కచ్చితంగా చెప్పలేను, చైన్ కూడా అప్పటికే చాలా దూరం తిరిగింది. అయినా ఇప్పుడు చైన్‌కి మెత్తటి బ్రష్షు, కొద్దిగా కిరోసిన్, తర్వాత పొడి గుడ్డ, అంతే వాడుతున్నాను.

ఇంత జరిగాక దీన్ని ఎందుకు ఉంచుకున్నానంటే ఫోమ్ సీసా కోసం. గన్ ముందు బిగించే ఆ సీసాలో షాంపూ కలిపి కొడితే బైక్ మొత్తం తెల్లటి నురగలో మునిగిపోతుంది, నాలుగైదు నిమిషాలు ఆగితే ట్యాంకు మీది దుమ్ము నురగతో పాటు మెల్లగా కిందికి జారుతూ కనిపిస్తుంది. మూడేళ్ళ తర్వాత కూడా అది చూస్తుంటే నాకు హాయిగా ఉంటుంది. కాకపోతే గుడ్డ తగలకుండానే శుభ్రమైపోతుందని అప్పట్లో చెప్పాను చూడండి, అది సరికాదు. నురగ పైపైన ఉన్న మట్టినే దించుతుంది. రోడ్డు మీది జిడ్డు పొర అలాగే మిగిలిపోతుంది, వేలితో గీస్తే గీత పడుతుంది. దానికి మెత్తటి గ్లౌజుతో తుడవాల్సిందే, గ్లౌజు జాడించడానికి వేరే బకెట్ ఉండాల్సిందే, లేకపోతే ఆ మట్టితోనే ట్యాంకు మీద సన్నటి గీతలు పడతాయి. నా ట్యాంకు మీద ఎండలో కనిపించే గుండ్రటి గీతలన్నీ మొదటి ఏడాదివే. నురగ ఎండిపోనిస్తే మరకలు కడతాయి, కాబట్టి నీడలోనే కడగాలి.

ఇప్పుడు నా పద్ధతి మారింది. ఇంజన్ మీద చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆగుతాను, ముప్పావు గంటైనా సరే. 40 డిగ్రీల వెడల్పు నాజిల్ తప్ప ఇంకేదీ బిగించను, గన్ బైక్‌కి మూడడుగుల లోపలికి పోదు. మడ్‌గార్డ్ లోపలి బురదకి మాత్రం ఇప్పటికీ దీన్ని మించింది లేదు, దాన్ని పక్క నుంచి, హబ్ వైపు ధార తిరగకుండా కొడతాను. హబ్, హ్యాండిల్ కింద స్టీరింగ్ బేరింగ్ చోటు, స్విచ్చులు, సైలెన్సర్ నోరు, రేడియేటర్ రెక్కలు, వీటికి మగ్గుతో నీళ్ళే. పని మళ్ళీ గంటంబావు దాకా వచ్చేసింది, అంటే మిగిలిన సమయం పావుగంటే. కడిగాక మెల్లగా ఒక చుట్టు తిప్పి బ్రేకులు రెండు మూడుసార్లు నొక్కుతాను, తడి డిస్కు మొదటి నొక్కుడికి సరిగ్గా పట్టదు.

కొనమంటారా అని ఇప్పుడెవరైనా అడిగితే ముందు వాళ్ళ బైక్ ఎక్కడ తిరుగుతుందో అడుగుతాను. నాది రోజూ మట్టి రోడ్డు మీద తిరిగే బండి, కింది అంతస్తులోనే కుళాయి, కరెంటు ప్లగ్గు రెండూ ఉన్నాయి, ఆదివారం పొద్దున నాకు వేరే పని ఉండదు. అందుకే నా దగ్గర ఇది ఇంకా పనికొస్తోంది. తారు రోడ్డు దుమ్ము మాత్రమే పడే బైక్‌కైతే, చేత్తో పంపు కొట్టే నురగ సీసా, మామూలు పైపు సరిపోతాయేమో. నాది పాడైతే మళ్ళీ ఇదే కొంటానా, లేక ఆ చేతి పంపుకే మారిపోతానా అన్నది నేనింకా తేల్చుకోలేదు.

కొత్త బేరింగులు వేసి ఏడాదిన్నర అవుతోంది. నీళ్ళు పట్టే ముందు సెంటర్ స్టాండ్ వేసి చక్రాన్ని ఊపి చూడటం అలవాటైపోయింది. పోయిన ఆదివారం కూడా చూశాను, కదల్లేదు, చప్పుడు లేదు.