ఇద్దరేసి మనుషులు, ఒకే ఎనభైలు: ‘లా రూ’ మేలా, ‘హెడ్ ఫస్ట్’ మేలా?

2011 గ్రామీల్లో ఉత్తమ ఎలక్ట్రానిక్/డ్యాన్స్ ఆల్బమ్ బహుమతికి పోటీపడ్డ ఐదింటిలో ఈ రెండూ ఉన్నాయి. రెండూ బ్రిటన్‌వే, రెండిటి వెనకా ఇద్దరేసి మనుషులే. ఎలీ జాక్సన్, బెన్ లాంగ్‌మెయిడ్‌ల జంట పేరూ, వాళ్ల ఆల్బమ్ పేరూ ‘లా రూ’యే. ఆ ఆల్బమ్ 2009లో వచ్చింది. గోల్డ్‌ఫ్రాప్ అన్న పేరుతో పాటలు చేసే ఆలిసన్ గోల్డ్‌ఫ్రాప్, విల్ గ్రెగరీల ‘హెడ్ ఫస్ట్’ 2010 మార్చిలో. బహుమతి ‘లా రూ’కి దక్కింది. నన్నడిగితే రెండోదానికే ఇచ్చేవాణ్ణి.

ఇద్దరూ తవ్వుకున్నది 1980లనే, కాకపోతే చెరో మూల. లా రూ వాళ్లు ఆ దశకం మొదట్లోని బ్రిటిష్ సింథ్ పాప్ బృందాలు యాజూ, హ్యూమన్ లీగ్‌ల దారి పట్టారు. సింథ్ (సింథసైజర్, ఎలక్ట్రానిక్ కీబోర్డు) పలుచగా, పదునుగా, గాజుముక్కలా గీసుకుపోతుంది. ఆ పైన ఎలీ కీచుగొంతు. కొందరు విమర్శకులు మెచ్చింది, మరికొందరు విసుక్కున్నది ఆ గొంతునే! ‘బుల్లెట్‌ప్రూఫ్’ బ్రిటన్‌లో నంబర్ 1, ‘ఇన్ ఫర్ ద కిల్’ నంబర్ 2. ఏటా ఒక మేటి ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ బహుమతి తుది జాబితాకీ ఆల్బమ్ ఎక్కింది. ఇంత మంచి సింగిల్స్ (విడిగా విడుదల చేసే పాటలు) ‘హెడ్ ఫస్ట్’లో లేవు, అది ఒప్పుకోవాల్సిందే. అయితే ‘లా రూ’ పాటలన్నీ వరసగా వింటే ఆ పదునే తలనొప్పి. ఏడో పాటకొచ్చేసరికి నా చెయ్యి వాల్యూమ్ మీదికి వెళ్తుంది.

‘హెడ్ ఫస్ట్’ది మెత్తటి మెరుపు. అందులోని ‘రాకెట్’ పాట ఎత్తుకోగానే రాక్ బృందం వాన్ హాలెన్ ‘జంప్’లోని సింథ్ గుర్తొస్తుంది. స్వీడన్ పాప్ బృందం ఆబ్బా, ‘జనాడు’ సినిమా నాటి గాయని ఒలీవియా న్యూటన్-జాన్ పేర్లు సమీక్షల్లో మాటిమాటికీ వినబడ్డాయి. పోలిక సరైనదే. దాన్నొక లోపంగా ఎంచడమే నాకు నచ్చలేదు. మొత్తమ్మీద మంచి మార్కులే పడ్డాయి కానీ, ‘తేలిగ్గా ఉంది, కొత్తదనమేది?’ అన్న సణుగుడు వదల్లేదు. గోల్డ్‌ఫ్రాప్ ప్రతి ఆల్బమ్‌కీ వేషం మార్చే జంట. 2005లో ‘సూపర్‌నేచర్’తో తళుకుబెళుకుల గ్లామ్ డిస్కో, 2008లో ‘సెవెంత్ ట్రీ’తో నెమ్మదైన ఫోక్ (జానపద) పోకడ. వాళ్ల నుంచి ఇంకో పెద్ద మలుపు ఎదురుచూసినవాళ్లకి ఈ హాయి చప్పగా తోచింది. అదే పాతకాలపు మోజు కొత్తగా వచ్చిన లా రూలో అయితే తాజాగా కనబడింది! లా రూ తొలి ఆల్బమ్‌కి ముందు పోల్చడానికి ఇంకో ఆల్బమ్ లేదు కదా.

‘హెడ్ ఫస్ట్’లో తొమ్మిదే పాటలు, నలభై నిమిషాల లోపే. ఎక్కడా అరవదు. ‘హంట్’లో వేగం తగ్గి చీకటి పరుచుకుంటుంది, చివర్న ‘వాయిస్‌థింగ్’లో మాటలే మాయమై ఉత్త గొంతు పొరలు మిగులుతాయి. మధ్యలో ‘షైనీ అండ్ వార్మ్’ మాత్రం దాటేస్తాను.

పార్టీకో, పరుగుకో అయితే ‘లా రూ’లోంచి ఆ రెండు సింగిల్స్ ఏరుకోండి, చాలు. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వినాలంటే ‘హెడ్ ఫస్ట్’.