డెర్బీ కౌంటీ 2021–22: ఆటకి 4/5, ఖాతా పుస్తకాలకి సున్నా

ఇంగ్లిష్ ఫుట్‌బాల్ కోసం రాత్రిళ్లు మేలుకునేవాళ్లు విశాఖలో బాగానే ఉన్నారు. కాకపోతే అందరూ ప్రీమియర్ లీగ్ దగ్గరే ఆగిపోతారు. ఒక మెట్టు కిందికి దిగి, అయిపోయిన సీజన్ ఒకటి మొదట్నుంచీ చూడాలనుకుంటే మా ఓటు డెర్బీ కౌంటీ 2021–22కి. ఫలితం దాచడానికేమీ లేదు: ప్రీమియర్ లీగ్‌కి ఒక మెట్టు కింద ఉండే ఛాంపియన్‌షిప్‌లో 24 జట్లకి 23వ స్థానం, 34 పాయింట్లు, కింది డివిజన్‌కి రెలిగేషన్. అయితే ఆ 34ని చూసి జట్టుని అంచనా వేస్తే మోసపోతారు.

46 మ్యాచుల్లో గెలిచినవి 14, డ్రా 13, ఓడినవి 19. గెలుపుకి మూడు, డ్రాకి ఒకటి వేసి కూడండి, 55 వస్తుంది. ఆ లెక్కన 17వ స్థానంలో నిశ్చింతగా ఉండాల్సిన జట్టు. మిగతా 21 పాయింట్లు లీగ్ కోసేసింది, అదీ రెండు దఫాలుగా. 2021 సెప్టెంబరు 22న క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది, అంటే అప్పులు తీర్చే దారిలేక పగ్గాలు దివాలా నిపుణుల చేతికి పోయాయి. దానికి రూలు ప్రకారం 12 పోయాయి. నవంబరు 16న, పాత ఏళ్ల లెక్కలు తప్పినందుకు మరో 9.

దివాలా తీసి దిగిపోయిన క్లబ్బు అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఒక్క తీసివేత చేసి చూడండి. 12 మాత్రమే పోయుంటే డెర్బీకి 43 మిగిలేవి. అంచున బయటపడ్డ రెడింగ్‌కి వచ్చినవి 41 (వాళ్లకీ 6 కోత పడింది, అది వేరే సంగతి). అంటే జట్టుని కిందికి తోసింది దివాలా కూడా కాదు, కొన్నేళ్ల ముందు రాసుకున్న పద్దు.

ఈ సీజన్‌లో నిజంగా రుచిగల భాగం ఆ పద్దే. కోటి పౌండ్లు పోసి ఆటగాణ్ణి ఐదేళ్ల కాంట్రాక్టు మీద కొన్నారనుకోండి. మామూలు క్లబ్బయితే ఏటా 20 లక్షల చొప్పున ఖర్చు రాస్తుంది. కాంట్రాక్టు ముగిస్తే అతను ఉత్తినే వెళ్లిపోవచ్చు కాబట్టి ఐదో ఏటికి పుస్తకాల్లో అతని విలువ సున్నా. డెర్బీ అలా రాయలేదు. రేపు అమ్మితే ఇంత వస్తుందని ఒక అంచనా వేసుకుని, అది పక్కన పెట్టి, మిగిలినదాన్నే ఖర్చుగా పంచింది. అంచనా 60 లక్షలనుకుంటే పంచేది 40 లక్షలే, ఏడాదికి 8 లక్షలు. తొలి ఏళ్లలో నష్టం తగ్గినట్టు కనిపిస్తుంది. తేడా మాత్రం ఎక్కడికీ పోదు. కాంట్రాక్టు చివరికొచ్చి ఆటగాడు అమ్ముడుపోకపోతే మొత్తం ఒకేసారి నెత్తిన పడుతుంది.

మూడేళ్లకి కలిపి నష్టం 3.9 కోట్ల పౌండ్లు దాటకూడదని లీగ్ నిబంధన. మొదటి విచారణలో డెర్బీ చాలావరకు గట్టెక్కింది. లీగ్ అప్పీలుకెళ్లి 2021 మేలో నెగ్గింది. లక్ష పౌండ్ల జరిమానాతో పాటు, పాత లెక్కలు మామూలు పద్ధతిలో తిరగరాయమన్నారు. తిరగరాస్తే హద్దు దాటింది. ఆ 9 పాయింట్ల పుట్టుక అదీ. యజమాని మెల్ మోరిస్ 2018లో ప్రైడ్ పార్క్ స్టేడియాన్ని 8.1 కోట్ల పౌండ్లకి సొంత కంపెనీకే అమ్మిన వ్యవహారం మీద ఆరోపణ విచారణలో నిలవలేదు. కానీ క్లబ్బు ఒకరిదీ గ్రౌండు మరొకరిదీ అయ్యేసరికి కొనడానికి వచ్చినవాళ్లు రెండు బేరాలు ఆడాల్సివచ్చింది.

స్టీల్‌ప్లాంట్ ఉన్న ఊరికి ఇదంతా విడమర్చి చెప్పక్కర్లేదు. ఉక్కు నాణ్యతకి వంక పెట్టలేం, నష్టం వచ్చేది సొంత గనులు లేని లెక్కల్లో. ఇంగ్లండ్ క్లబ్బు కష్టాలంటే మనవాళ్లు వెంటనే మన కోళ్ల కంపెనీ వెంకీస్ వాళ్ల బ్లాక్‌బర్న్ క్లబ్బు పేరెత్తుతారు. 2010లో కొన్నారు, 2012లో ప్రీమియర్ లీగ్ నుంచి దిగింది. అక్కడ పాయింట్ల కోత లేదు, మైదానంలో ఓడే దిగింది. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

ఇక ఆట. కోచ్ వేన్ రూనీ. డబ్బిచ్చి ఆటగాళ్లని కొనడం నిషేధం, కాంట్రాక్టులు అయిపోయి ఖాళీగా ఉన్నవాళ్లే దిక్కు. అందుకే జట్టు రెండు కొసల్లో ఉంటుంది: ఒకవైపు 36 దాటిన కర్టిస్ డేవిస్, 39 ఏళ్ల ఫిల్ జాగీల్కా, మరోవైపు సొంత అకాడమీలో పెరిగిన జేసన్ నైట్, మాక్స్ బర్డ్, లూయీ సిబ్లీ. జనవరిలో జాగీల్కా కాంట్రాక్టు పొడిగించడానికి లీగ్ ఒప్పుకోలేదు, స్టోక్‌కి వెళ్లిపోయాడు. మిడ్‌ఫీల్డర్ గ్రేమ్ షిన్నీని విగాన్‌కి అమ్మారు. ఇంత జరిగినా ఎదుటి జట్లకి ఇచ్చిన గోల్స్ 53 మాత్రమే. 87 ఇచ్చిన రెడింగ్ నిలబడింది మరి! మార్కు ఎక్కడ కోశామంటే ఫార్వర్డ్‌ల దగ్గర. 45 గోల్స్ చాలవు, నమ్మకంగా గోల్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్ లేని లోటు ప్రతి రెండో మ్యాచ్‌లో కనిపిస్తుంది.

46 మ్యాచులూ చూడక్కర్లేదు, నాలుగు చాలు. నవంబరు 21, బోర్న్‌మత్ మీద 3–2: మైనస్ 3లో ఉన్న జట్టు ఆ గెలుపుతో సున్నాకి వచ్చింది. జనవరి 30, బర్మింగ్‌హామ్‌తో 2–2: వేలాది అభిమానులు స్టేడియం దాకా ఊరేగింపుగా వచ్చిన రోజు. 87వ నిమిషం దాకా 0–2, ఆఖర్న డెర్బీ ఆటగాడు బీలిక్ గాల్లో వెనక్కి తిరిగి తన్నిన గోల్. ఏప్రిల్ 15, ఫుల్హామ్ మీద 2–1. మూడు రోజులకే ఏప్రిల్ 18, క్వీన్స్ పార్క్ రేంజర్స్ చేతిలో 0–1, కథ కంచికి. అటు రెడింగ్ స్వాన్సీతో 4–4 చేసుకోవడంతో ఆశ పూర్తిగా పోయింది. ఆ ఏడు మొదటి రెండు స్థానాలతో పైకి వెళ్లినవి ఫుల్హామ్, బోర్న్‌మతే. రెండింటినీ ఓడించిన జట్టు కిందికి వెళ్లింది.

పాయింట్ల పట్టిక పక్కన పెట్టుకుని చూసేటప్పుడు ఒక జాగ్రత్త: సెప్టెంబరు 22 తర్వాత డెర్బీ అంకెకి 12, నవంబరు 16 తర్వాత 21 కలిపి చదువుకోండి. లేకపోతే జట్టు ఎలా ఆడుతోందో పట్టికలో తెలియదు.

అడ్మినిస్ట్రేటర్ల పనికి మేం ఇచ్చేది 2/5. డెర్బీ లెక్కల వల్ల తమకి అన్యాయం జరిగిందని మిడిల్స్‌బ్రో, వైకోంబ్ క్లబ్బులు నష్టపరిహారం అడుగుతూ కూర్చున్నాయి. అంతకుముందు ఏడాది డెర్బీకి 44, వైకోంబ్‌కి 43, దిగింది వైకోంబ్. వాళ్ల కోపానికి కారణం ఉంది. ఈ పేచీలు తెమలకుండా కొనేవాడు ముందుకు రాడని తెలిసీ నెలలు నానాయి. ఖరారు చేసుకున్న అమెరికన్ వ్యాపారి జూన్‌లో తప్పుకున్నారు, రూనీ కూడా రాజీనామా చేశారు. చివరికి 2022 జులై 1న స్థానిక రియల్ ఎస్టేట్ వ్యాపారి డేవిడ్ క్లోస్ క్లబ్బుని కొని, స్టేడియాన్నీ వెనక్కి తెచ్చారు.

నచ్చి, డెర్బీనే ఫాలో అవుదామనుకుంటే మన టైం చూసుకోండి. శనివారం అక్కడి మధ్యాహ్నం మూడింటి మ్యాచ్ మనకి రాత్రి 7:30, అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా మాత్రం 8:30. ఇబ్బందల్లా వారం మధ్య మ్యాచులతోనే: అర్ధరాత్రి దాటాక 12:15కో 1:15కో మొదలై రెండో మూడో దాటేదాకా సాగుతాయి. పొద్దున్న ఆరింటి షిఫ్టు ఉన్నవాళ్లు వాటి జోలికి పోకుండా మర్నాడు హైలైట్స్ చూసుకోవడమే మేలు.