మా డీటీపీ షాపుకు రైజెన్ 5 5600జీ

హన్మకొండ చౌరస్తా దగ్గర మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాం. కొత్త కంప్యూటర్ కోసం మొదట అడిగిన కంప్యూటర్ షాపాయన ఇంటెల్ ఐ3 12100ఎఫ్ ప్రాసెసర్ (కంప్యూటర్‌కు మెదడు లాంటి చిప్పు) రాసిచ్చాడు. ఇంటెల్‌లో చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ (తెరమీద బొమ్మ చూపించే భాగం) ఉండదు, గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనాలి. ఆ మాట ఆయన చెప్పనే లేదు, బాధనిపించింది.

చివరికి ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ తీసుకున్నాను. 6 కోర్లు (పని చేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), గ్రాఫిక్స్ అందులోనే. దాన్ని చల్లబరిచే ఫ్యాను, అంటే కూలర్ కూడా డబ్బాలోనే వచ్చింది. కార్డు ఖర్చు తప్పింది కాబట్టి 16 జీబీ ర్యామ్ వేయించాను, 8 జీబీవి రెండు. దీని గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు స్టిక్కులుంటే వేగం బాగుంటుంది, అందుకే ఒక్క ర్యామ్ స్టిక్కుతో సరిపెట్టుకోకండి.

మేడారం జాతర ఫ్లెక్సీలప్పుడు కోరల్‌డ్రా, ఫొటోషాప్ రెండూ తెరిచి అర్ధరాత్రి దాకా చేశాం, ఎక్కడా ఆగలేదు. టెన్షన్ తీరింది. పెద్ద గేములు ఆడే పిల్లలకు మాత్రం ఇది చాలదు.