పాత మెకానోకి నెల్లూరు బోల్టులు

మెకానో అంటే రంధ్రాలున్న ఉక్కు పట్టీలను, చక్రాలను బోల్టులతో బిగించి బొమ్మ యంత్రాలు కట్టుకునే ఆటసామాను. పాత మెకానో సెట్టు గురించి మాట వస్తే ఎవరైనా ముందు రంగు అడుగుతారు, పెట్టె అడుగుతారు. ఏ ఏడాదిది, ఎన్నో నంబరు సెట్టు, మూత మీద బొమ్మ చెక్కుచెదరకుండా ఉందా అని. నేను ఇన్నేళ్లు వాడాక చెప్పాలనుకుంటున్నది బోల్టు సంగతి. ఈ సెట్టు మీద నా ఇష్టమంతా ఆ బోల్టు చుట్టూ గాడిలా తిరిగే మర దగ్గరే ఆగిపోయింది.

నా దగ్గరున్నది 1950ల నాటి ఎరుపు, ఆకుపచ్చ సెట్టు. ఇంగ్లండులో లివర్‌పూల్ బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీలో తయారైంది. గూడూరు వైపు మైకా వ్యాపారం జోరుగా నడిచిన రోజుల్లో ఒక కుటుంబం వాళ్లు తెప్పించుకున్నారట. పాత ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లతో పాటు దీన్నీ అమ్మేశారు. పట్టీలు, గర్డర్లు, ఇత్తడి పళ్లచక్రాలు దాదాపు అన్నీ ఉన్నాయి. బోల్టులు, నట్లు మాత్రం సగం కూడా లేవు. పిల్లకాయలు ఆడుకున్న ఏ సెట్టులోనైనా ముందు మాయమయ్యేవి అవే.

కొలతల విషయంలో ఈ కంపెనీకి చేతులెత్తి దండం పెట్టాలి. 1901లో దీన్ని కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ రంధ్రానికీ రంధ్రానికీ మధ్య అర అంగుళమే. 1926కి ముందు వచ్చిన నికెల్ పూత పట్టీ మీద 1970ల నాటి పసుపు పట్టీ పెట్టి చూడండి, రంధ్రాలు సూటిగా కలుస్తాయి. చక్రాలూ అంతే. 19 పళ్ల చిన్న చక్రం, 57 పళ్ల పెద్ద చక్రం పక్కపక్కన పెడితే వాటి ఇరుసుల మధ్య దూరం సరిగ్గా అంగుళం, అంటే రెండు అర అంగుళాల ఎడాలు. ఫైలు పెట్టి రాకాల్సిన పని లేదు, తట్టాల్సిన పని లేదు. 1934లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ హార్ట్రీ, ఆర్థర్ పోర్టర్ అవకలన సమీకరణాలు సాధించే యంత్రం నమూనాను ఎక్కువగా ఈ సామానుతోనే కట్టారంటే, ఈ చక్రాలు చేతిలో ఉన్నవాళ్లకు పెద్దగా ఆశ్చర్యం వేయదు.

ఇక బోల్టులు. తగ్గినవాటి కోసం ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర పొట్లం తెప్పించాను. పాత మెకానో బోల్టులే, ఒరిజినల్ అని రాశాడు. చూడటానికి అలాగే ఉన్నాయి. చక్రాలను ఇరుసుకు బిగించే తల లేని చిన్న స్క్రూలు కూడా అందులోనే వచ్చాయి. వాటితో ఒక క్రేన్ కట్టాం, నేనూ మా మేనల్లుడూ. హ్యాండిల్ తిప్పితే వార్మ్, అంటే స్క్రూలా మెలిక ఉన్న చిన్న ముక్క, తిరుగుతుంది, వార్మ్ 57 పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇరుసు మీద తాడు చుట్టుకుంటుంది. హ్యాండిల్ 57 చుట్లు తిప్పితే చక్రం ఒక్క చుట్టు. ఎంత బరువు కట్టినా మధ్యలో వదిలేస్తే అక్కడే నిలుస్తుంది, వెనక్కి జారదు. వార్మ్‌లో ఉన్న గొప్ప అదే.

అలాంటిది జారింది. రెండు కిలోల బియ్యం సంచి బల్ల ఎత్తు దాకా లేచి, ఉన్నట్టుండి దభీమని గచ్చు మీద పడింది. చూస్తే వార్మ్, చక్రం పళ్లు కలిసే ఉన్నాయి. చక్రం కదలకుండా నిలబడి ఉంటే, దాని మధ్యలో ఇరుసు మాత్రం గిర్రున తిరిగిపోయింది. చక్రం మధ్య ఇత్తడి బొడిపె ఉంటుంది కదా, దానికి పక్కనున్న రంధ్రంలోంచి స్క్రూ దిగి ఇరుసును నొక్కి పట్టుకోవాలి. ఆ స్క్రూ పట్టు వదిలేసింది. విప్పి తీస్తే దాని వెంట సన్నటి ఇత్తడి పొట్టు రాలింది. లోపల మర మొత్తం చెరిగిపోయింది. 70 ఏళ్లు నిలిచిన చక్రం!

కారణం తెలిశాక ఒళ్లు మండిపోయింది. మెకానోది 5/32 అంగుళాల విట్‌వర్త్ మర. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఖాయం చేసిన ఇంగ్లిష్ పద్ధతి. నాకు వచ్చినవి ఎం4, అంటే 4 మిల్లీమీటర్ల మెట్రిక్ స్క్రూలు. 5/32 అంగుళం అంటే 3.97 మిల్లీమీటర్లు. కంటికి తేడా తెలియదు, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ పెట్టినా సరిగ్గా పట్టుకోకపోతే తప్పించుకుపోతుంది. అసలు తేడా మరల ఎడంలో ఉంది. విట్‌వర్త్‌లో అంగుళానికి 32 మరలు, ఎడం 0.79 మిల్లీమీటర్లు. ఎం4కి 0.7. మొదటి చుట్టు హాయిగా దిగుతుంది. రెండో చుట్టుకి బిగుస్తుంది, గట్టిగా పట్టుకుందిలే అనిపిస్తుంది. నిజానికి ఆ బిగువు ఒక మర ఇంకో మరను కోసుకుంటూ పోవడం. ఉక్కు స్క్రూ, ఇత్తడి బొడిపె. ఎవరు నలిగిపోతారో చెప్పక్కర్లేదు. అమ్మినతనికి ఫొటోలు పంపితే, పాత సామాను అలాగే ఉంటుంది అని జవాబు. పాతవి కానివి పాతవని అమ్మి, పాడైతే నెపం పాతదనం మీదకు నెట్టడం నేను ఇప్పటికీ క్షమించలేదు.

చక్రాన్ని పట్టుకుని ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఒక పెద్దమేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పట్టి రంధ్రంలోకి చూశారు.

"ఏంది సామీ ఇది, పిల్లకాయల ఆటసామానా?"

"అవును మేస్త్రీ, ఇంగ్లండుది. మర పోయింది."

"పోయింది కాదు, పోగొట్టారు. ఇది ఎమ్మెమ్ మర కాదు సామీ, అంగుళాల మర. ఎవురు దూర్చారు దీంట్లో ఎం ఫోరు?"

గేజి కూడా పెట్టలేదు ఆయన. పాత రంధ్రం జోలికి పోకుండా, బొడిపెకు సరిగ్గా ఎదురు వైపు గురుతు పెట్టి, ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, బిట్టుతో కొత్త రంధ్రం వేశారు. తర్వాత సొరుగులోంచి గుడ్డలో చుట్టిన ట్యాప్ తీశారు, రంధ్రం లోపల మర కోసే పనిముట్టు. 5/32 విట్‌వర్త్. అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి, మళ్లీ అరచుట్టు. ప్రతిసారీ పొట్టు ఊదేస్తూ. ఇంత చిన్న సామానుకు అంత నిదానం ఎందుకని అనుకునే మనిషి కాదాయన, జీపు ఇంజను విప్పినా అదే ఓపిక ఉంటుందనిపించింది. తల లేని స్క్రూ కావాలంటే, మామూలు స్క్రూ తల కోసేసి, హాక్సా బ్లేడుతో గాడి పెట్టి ఇచ్చారు.

"స్క్రూలకేం కొదవ సామీ, చిన్నబజారులో అడగండి. అయిదు బై ముప్పై రెండు అంటే ఇస్తారు."

నేను నమ్మలేదు. మన దేశం మెట్రిక్‌కు మారి ఎన్ని దశాబ్దాలైంది! కానీ చిన్నబజారు హార్డ్‌వేర్ షాపులో ఆ మాట అనగానే, కౌంటర్ దగ్గరున్న కుర్రాడు తల కూడా ఎత్తకుండా "పొడవెంత?" అన్నాడు. అంతే. 5/32 మెషిన్ స్క్రూలు, నట్లు, పొట్లాల లెక్కన. కరెంటు పనివాళ్లు, పాత సామాను బాగుచేసేవాళ్లు కొంటారట. ఇంటికి తెచ్చి మొదటి నట్టు పాత బోల్టుకి ఎక్కించినప్పుడు రెండు వేళ్లతో తిప్పితే చివరిదాకా దిగింది, స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండా. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం ఆ సెట్టు కొన్నరోజు కూడా కలగలేదు. ఇంగ్లండులో ఇవే బోల్టుల కోసం పాత సెట్లు సేకరించేవాళ్లు మెకానో విడిభాగాలు అమ్మేవాళ్లను వెతుక్కుంటారు. ఆ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. కొత్తగా వచ్చే మెకానో సెట్లు కూడా ఎం4కి మారిపోయాయి. నెల్లూరులో మాత్రం పైపు క్లాంపుల పక్కన, మేకుల డబ్బాల మధ్య ఆ మర ఇంకా దొరుకుతోంది.

అయితే అచ్చం పాతవాటిలాగే ఉంటాయని చెప్పను. పాత బోల్టుకి ఇత్తడి రంగు పూత, చదరపు నట్టు. షాపువి తెల్లగా మెరుస్తాయి, తల గుండ్రం, నట్టు ఆరు పలకలు. పొడవు కూడా ఎక్కువ, కొన్నిచోట్ల కోసుకోవాల్సి వస్తుంది. అందుకే బయటికి కనిపించేచోట పాతవి, లోపల బరువు మోసేచోట షాపువి వాడుతున్నాను. మ్యూజియంలో పెట్టినట్టు ఉండాలనుకునేవాళ్లకు ఇది రుచించదు.

ఉక్కు పట్టీలు మూడు తరాలు ఆడుకున్నా చెక్కుచెదరవని నేను చాలామందికి చెప్పాను. వంగకపోవడం వరకు ఆ మాట మీదే ఉన్నాను. తుప్పు సంగతి వేరు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం, గోడలే చెమరుస్తాయి. బోల్టు తల నొక్కినచోట రంగు లేచిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది, రంధ్రం అంచు చుట్టూ. అసలు అట్టపెట్టె తేమ పీల్చుకుంటుంది కాబట్టి అందులో సామాను పెట్టడం మానేశాను. కుట్టుమిషన్ నూనె గుడ్డతో తుడిచి, స్టీలు డబ్బాల్లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి బీరువాలో పెడుతున్నా. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లకు ఈ జాగ్రత్త కూడా సరిపోతుందని నేను మాట ఇవ్వలేను.

కొనొచ్చా అంటే, నా పరిస్థితి చెబుతాను. సాయంత్రాలు తీరిక ఉంది, మేడ మీద ఒక పొడి గది ఉంది, స్కూటర్ మీద పది నిమిషాల్లో లేత్ షాపు ఉంది. ఈ మూడూ ఉంటే పాత మెకానో అంత తృప్తినిచ్చే సామాను నాకు ఇంకోటి కనబడలేదు. ఇంట్లో నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే మాత్రం దూరంగా ఉంచండి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండటం మామూలే. పదేళ్ల పిల్లాడికి కానుక ఇవ్వాలంటే కొత్త సెట్టే నయం.

ఎవరైనా అమ్మకానికి ఫొటోలు పంపితే నేను చక్రాల బొడిపె పక్క రంధ్రాన్ని దగ్గరగా తీసి పంపమంటాను. చూడటానికి వెళ్తే జేబులో ఒక మంచి 5/32 బోల్టు ఉంటుంది, నాలుగైదు చక్రాల్లో వేళ్లతోనే తిప్పి చూస్తాను. పెట్టె చిరిగిపోయినా, పట్టీల రంగు సగం పోయినా బేరం ఆడతాను. మరలు పోయిన చక్రాలు ఎక్కువుంటే, మేస్త్రి ఉన్నారనే ధైర్యంతో ఒకటి రెండు సార్లు తీసుకున్నాను గానీ, ఆయన పెద్దవయసు మనిషి, ఇప్పుడు తీసుకోవడం లేదు.