ముత్తాత పేరు కోసం: మున్సిపల్ రిజిస్టరా, చర్చి రిజిస్టరా?

గుంటూరులో పూర్వీకుల ఆచూకీ తీసేవాళ్లకు ముందు ఇదే తేలాలి.

మున్సిపల్ జనన రిజిస్టర్: ఏ మతం వాళ్లకైనా పనికొస్తుంది. వెతికే రుసుము ఏడాదికింత అని పడుతుంది, పుట్టిన సంవత్సరం తెలియకపోతే చేతి చమురు వదలాల్సిందే. పాత నమోదుల్లో బిడ్డ పేరు తరచూ ఖాళీ. "మగ శిశువు", తండ్రి పేరు, అంతే.

చర్చి రిజిస్టర్: లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లోనే గుంటూరు వచ్చారు, లూథరన్ కుటుంబాలకు మొదట ఇక్కడే చూడమంటాను. 1872 క్రైస్తవ వివాహ చట్టం నమూనాలో వధూవరుల వయసు, వృత్తి, నివాసం, ఇద్దరి తండ్రుల పేర్లూ రాస్తారు. ఒక్క వరుస దొరికితే పై తరం చేతికొచ్చినట్టే. ఖర్చు తక్కువ, తిరుగుడు ఎక్కువ. మిగతాది పాస్టరుగారి తీరిక, చెదల దయ.

హిందూ పెళ్లిళ్ల కాగితాల మీద ఆశ వద్దు; రాష్ట్రంలో తప్పనిసరి నమోదు చట్టం వచ్చిందే 2002లో.

తాతగారు ఊళ్లోనే పుట్టి, ఏడాది తెలిస్తే మున్సిపాలిటీ. క్రైస్తవ కుటుంబమై, పెళ్లయిన ఊరు మాత్రమే తెలిస్తే చర్చి.