పురావస్తు చట్టం బేర్ యాక్ట్: కోట పక్కన ఇల్లున్నోళ్ళు కొనొచ్చా?

హనుమకొండ కోర్టు దగ్గర లా పుస్తకాలు అమ్మే కొట్టులో కొన్నాను. 1958 నాటి ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాల చట్టం, 1959 నిబంధనలు కలిపి అచ్చేసిన పల్చటి పుస్తకం. బేర్ యాక్ట్ కాబట్టి వ్యాఖ్యానం లేదు, తీర్పుల్లేవు, ఉత్త చట్టం. ఇంగ్లీషులోనే ఉంది. రెండొందల లోపే పడింది.

నేను వకీలును కాదు. వరంగల్ కోటలో జిరాక్సు షాపు నడుపుతాను, అడిగినోళ్ళకు దరఖాస్తులు రాసిపెడతాను. తోరణాల దగ్గర ఫోటో దిగి ఖుష్ మహల్ చూసి వెళ్ళిపోయేవాళ్ళకు తెలియకపోవచ్చు గానీ, కోట లోపల ఊరుంది. ఇళ్ళు, పొలాలు, బడి, గుడి, కిరాణా కొట్లు అన్నీ ఉన్నాయి. ఆడపిల్ల పెళ్ళి కుదిరినా, అన్నదమ్ములు వేరుపడినా ముందుగా వచ్చే మాట ఒక్కటే: కట్టుకోనిస్తారా, ఇయ్యరా? దానికి జవాబు ఎవరి నోట విన్నా ఒక్కో తీరుగా ఉంటది. అందుకే పుస్తకమే కొన్నాను.

కొనేముందు ఒక పని చేయండి. కొట్లోనే నిలబడి సెక్షన్ 30 తీసి చూడండి. "మూడు నెలల జైలు, 5,000 రూపాయల జరిమానా" అని ఉంటే అది పాత అచ్చు, పక్కన పెట్టేయండి. 2010లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సెకండ్ హ్యాండ్ పుస్తకాల్లో పాతవి ఇంకా తిరుగుతున్నాయి. నాకు మొదట చేతికిచ్చింది కూడా అదే. మార్చి ఇమ్మంటే కొట్టాయన ఏమీ అనకుండా లోపల్నుంచి కొత్తది తెచ్చిచ్చాడు, ఆ మాట చెప్పాలి.

ఇక లోపలి సరుకు. సెక్షన్ 30 చిన్నదే గానీ వల పెద్దది. రక్షిత కట్టడాన్ని, అంటే కేంద్రం రక్షణలో ఉన్నదాన్ని, కూల్చినా, దెబ్బతీసినా, రూపు మార్చినా, గీతలు గీసి పాడుచేసినా, దానికి ముప్పు తెచ్చినా, వాడకూడని పనికి వాడినా నేరమే. శిల్పమో శాసనమో అక్కడి నుంచి తీసుకెళ్ళినా అంతే. రాయి మీద బాణం గుర్తు వేసి రెండు పేర్లు చెక్కే పిల్లలూ, విగ్రహం ఎత్తుకుపోయే దొంగా ఒకే సెక్షన్ కిందికి వస్తారు. పైగా సెక్షన్ 32 ప్రకారం ఇది వారెంటు లేకుండా పోలీసులు పట్టుకోగల నేరం. మాకు తెలిసిన చాలామంది దీన్ని "ఐదొందలు కట్టి వచ్చేస్తాం" అనే రకం అనుకుంటారు.

శిక్ష నిజంగా పడుతుందా అని అడిగితే నేను హంపి సంగతి చెప్తాను. 2019లో అక్కడ కుర్రాళ్ళు ఒక గుడి దగ్గర నిలబడి ఉన్న రాతి స్తంభాన్ని తోసి పడేస్తున్న వీడియో దేశమంతా తిరిగింది. నలుగురు దొరికారు. హోస్పేట కోర్టు తలా 70,000 రూపాయలు కట్టమంది, పడేసిన స్తంభాన్ని వాళ్ళ చేతులతోనే తిరిగి నిలబెట్టించారు. ఆ రెండో భాగం నాకు బాగా నచ్చింది. జరిమానా ఇంట్లోవాళ్ళు కడతారు, బండ మాత్రం ఎవడికి వాడే మొయ్యాలి.

అయితే మా ఊరోళ్ళకు పనికొచ్చేది సెక్షన్ 30 కాదు, 20ఏ నుంచి 20డి దాకా ఉన్న పేజీలు. నా పుస్తకంలో అవే నలిగిపోయాయి. రక్షిత స్థలం హద్దు నుంచి అన్ని దిక్కులా 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. దాని తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత తోరణం స్తంభం నుంచి మొదలవదు, రక్షిత స్థలం హద్దు నుంచి మొదలవుతుంది. మా దగ్గర టేపు పట్టుకుని స్తంభం మొదట్లో నిలబడి కొలుచుకునేవాళ్ళు ఉన్నారు. మా ఇల్లు నూటిరవై మీటర్ల మీద ఉంది అని ధైర్యంగా ఉంటారు. హద్దు ఎక్కడుందో తెలిస్తే ఆ ధైర్యం సగానికి సగం పోతది.

నిషిద్ధ ప్రాంతంలో కొత్తగా కట్టనివ్వరు. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇల్లయితే మరమ్మతుకు అనుమతి అడగొచ్చు. ఆ తేదీ మా షాపులో గోడకు రాసి పెట్టాను, ఎందుకంటే కాగితాలన్నీ దాని చుట్టే తిరుగుతాయి: పాత ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఏది దొరికితే అది. నియంత్రిత ప్రాంతంలోనైతే కట్టుకోవడానికి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తు అందిన పదిహేను రోజుల్లో అధికారి దాన్ని జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థకు పంపాలి, వాళ్ళు రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి, ఆ తర్వాత నెలలో అధికారి అవుననో కాదనో తేల్చాలి. చట్టంలో గడువులు రాసి ఉన్నాయని తెలిసినోడు ఆఫీసులో మాట్లాడే తీరే వేరు.

ఇంకో చిక్కు "నిర్మాణం" అనే మాట నిర్వచనంలో ఉంది. ఉన్న ఇంటిని పక్కకు పెంచినా, మీదికి లేపినా కొత్త నిర్మాణం కిందే లెక్క. ఇది చదివి వినిపించినప్పుడు మా వీధిలో ఒక పెద్దమ్మ నన్నే తిట్టినంత పని చేసింది. "నా ఇల్లు, నా జాగ. మీద ఒక అర్ర ఏసుకుంటె జైలుకు వోవుడేంది బిడ్డా?" చట్టం నేను రాయలేదు పెద్దమ్మా అన్నాను గానీ, ఆమె అడిగిందానికి నా దగ్గర జవాబు లేదు. నిషిద్ధ ప్రాంతంలో కడితే 30ఏ, నియంత్రిత ప్రాంతంలో అనుమతి లేకుండా కడితే 30బి. రెండిటికీ శిక్ష రెండేళ్ళ దాకా, జరిమానా లక్ష దాకా. అంటే కాకతీయుల శిల్పం ముక్కు పగలగొట్టినోడికీ, కొడుకు కోసం రేకుల గది వేసుకున్న ఈమెకూ పై హద్దు ఒకటే. కోర్టు ఇద్దరినీ ఒకే తీరుగా చూడదేమో, అయినా పుస్తకంలో రెండూ పక్కపక్కన చూస్తే మనసు ఒప్పదు. కోట కాపాడాలె, అందులో రెండో మాట లేదు. మట్టికోట కట్ట తవ్వి మన్ను తోలుకునేవాళ్ళను చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ ఆ ఇద్దరినీ వేర్వేరు గీతల మీద నిలబెట్టి ఉంటే బాగుండేది.

దీనికి విరుగుడులాంటిది 30సి. తెలిసి తెలిసి అక్రమ కట్టడానికి కన్నుమూసుకున్న, చేతులు కలిపిన కేంద్ర ప్రభుత్వ అధికారికి మూడేళ్ళ దాకా జైలు. కట్టినోడి కంటే ఏడాది ఎక్కువ! ఈ పేజీ జిరాక్సులే మా షాపులో ఎక్కువ పోయాయి.

నిబంధనల భాగం తొందరగా అయిపోతుంది. కట్టడం లోపల వంట చేయొద్దు, లైసెన్సు లేకుండా సరుకులు అమ్మొద్దు, పశువులను తోలొద్దు. మేకలు కాసేవాళ్ళు ఎనిమిదో నిబంధన ఎవరితోనైనా చదివించుకోండి.

లోపాలు చెప్పాలంటే, రాష్ట్ర ప్రభుత్వం రక్షణలో ఉన్న గుళ్ళకు, కోటలకు ఈ పుస్తకం చెల్లదు. వాటికి 2017 తెలంగాణ వారసత్వ చట్టం వేరే ఉంది, అది ఇందులో లేదు. ఉందని అట్ట మీద చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. పార్కుల సంగతీ అంతే. మొన్న ఒక తమ్ముడు మున్సిపల్ పార్కులో కమ్మీలు విరగ్గొట్టిన కేసు గురించి అడగడానికి వచ్చాడు. అది 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం, ఐదేళ్ళ దాకా జైలు. పార్కు కమ్మీకి ఐదేళ్ళు, ఏడెనిమిది వందల ఏళ్ళ నాటి స్తంభానికి రెండేళ్ళా అని మీకు అనిపిస్తే, నాకూ అనిపించింది. కట్టడాల కేసుల్లో పోలీసులు రెండు చట్టాలూ కలిపి పెట్టొచ్చు అన్నది తర్వాత తెలిసిన వకీలు చెప్పిన మాట. ఇలాంటివి ఒక్క పేజీలో చివర వేసి ఉంటే ఈ పుస్తకానికి ఇంకో యాభై ఎక్కువైనా ఇచ్చేదాన్ని.

వెనక పదసూచిక లేదు. సవరణల వివరాలు చీమతలకాయంత అక్షరాల్లో పేజీ అడుగున వేశారు, ఏది 1958 నాటిదో ఏది 2010లో చేర్చిందో అద్దం పెట్టుకుంటే తప్ప తేలదు. తెలుగులో ఇలాంటిది దొరుకుతుందేమో అని అడిగాను, ఆ కొట్లో లేదన్నారు. ఇంగ్లీషు రానివాళ్ళు కొని లాభం లేదు. చదివి చెప్పే మనిషి ఇంట్లో ఉంటే మాత్రం మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చేముందే కొనుక్కోండి.

ఐదుకు మూడున్నర ఇస్తాను. అర మార్కు బైండింగుకు కోశాను: జిగురు అంటింపు, ఇరవయ్యో సెక్షన్ దగ్గర రెండుసార్లు బలంగా తెరిస్తే పేజీలు ఊడొచ్చాయి. కొన్నరోజే స్పైరల్ వేయించుకోండి, ముప్పై రూపాయల పని.