నల్ల దిమ్మ తీసుకోండి, పొడి వదిలేయండి

అనకాపల్లి నుంచి చోడవరం వెళ్లే రోడ్డు మీద, పాక వేసుకుని అక్కడే బెల్లం వండి అక్కడే అమ్ముతున్న దుకాణం ఒకటి ఉంది. హైడ్రోస్ వెయ్యని బెల్లం మాది అని బోర్డు పెట్టుకున్నారు. హైడ్రోస్ అంటే బెల్లం నల్లగా కాకుండా పచ్చగా తేలడానికి వంటలో వేసే రసాయన మందు. కిలో 120 రూపాయలు. పసుపుపచ్చగా నిగనిగలాడే మామూలు దిమ్మ బజార్లో సగం ధరకే వస్తుంది కదా అని మా ఆవిడ అడ్డుపడింది. అయినా తెచ్చాను, మళ్లీ మళ్లీ తెస్తున్నాను. పేరు మాత్రం రాయడం లేదు, కారణం కింద ఉంది.

బెల్లం చూడటం నాకు మా చిన్నాన్న నేర్పాడు. మునగపాక దగ్గర మా ఊరు. ఆయనకి సొంతం రెండెకరాలు, మిగతాది కౌలు. చెరకు వేసేవాడు, సీజన్లో తన బెల్లమే కాకుండా ఊళ్లో వాళ్లందరి బెల్లం వండేది కూడా ఆయనే. అందుకని ఈ దుకాణం దిమ్మని ఆయన పద్ధతిలోనే చూశాను. ముందు విరవాలి. టప్పున విరిగి లోపల సన్నగా రవ్వ కనబడితే వంట కుదిరినట్టు. సాగితే పాకం తొందరపడి దించేశారని లెక్క. తర్వాత చిన్న ముక్క నాలిక మీద పెట్టుకుని నమలకుండా ఉంచాలి. తీపి కరిగాక చివర్లో ఉప్పగా తగిలితే ఆ చెరకు చౌడు నేలలోదై ఉంటుంది. ఈ బెల్లం చక్కగా విరిగింది. ఉప్పదనం లేదు. కరిగిస్తే గిన్నె అడుగున కాస్త మట్టి కనబడింది, కానీ అది వడకడితే పోయేదే.

చిన్నాన్న వంట ఎలా ఉండేదో చెప్పకపోతే ఈ రేటుకి అర్థం ఉండదు. తెల్లవారుజామున మూడింటికే గానుగ మొదలయ్యేది. రసం పెనంలోకి వదిలి, కింద ఎండిన పిప్పి ఎగదోస్తుంటే, పైన సున్నపు తేట పోసి మడ్డి తేలగానే జల్లి గరిటెతో తీసేసేవాడు. పొంగు వస్తే నాలుగు చుక్కలు నూనె. ఆ తర్వాతే అసలు పని. పాకం చిక్కబడి బుడగల చప్పుడు మారేసరికి ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. గరిటెతో కాస్త పాకం తీసి చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, ఆ ఉండని గిన్నె అంచుకేసి కొట్టేవాడు. ఠంగుమంటే "దించండ్రా". ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడు వాసన, ఒక్క నిమిషం ముందైతే నాలుగు రోజుల్లో నీరు కారే దిమ్మ. థర్మామీటర్ మాట ఎత్తితే నవ్వేవాడు. అలా చేసీ చేసీ ఆయన కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు నున్నగా అరిగిపోయాయి. రేషన్‌కి వేలిముద్ర మిషన్ వచ్చాక ఆ వేళ్లు పడేవి కాదు, డీలరు ఎడమ చెయ్యి పెట్టించుకునేవాడు.

ఇంత చేసినవాడు కూడా హైడ్రోస్ వేసేవాడు. దాచడం ఎందుకు, చాలామంది వేసేవారు, ఇప్పటికీ వేస్తారు. అనకాపల్లి మార్కెట్లో రంగే ధర. తెల్లగా ఉన్నది మొదటి రకం, నల్లబడితే మూడో రకం. రెండింటి మధ్య తేడా కౌలు డబ్బుకి సరిపోయేంత. పైగా నల్ల బెల్లం అంటే నాటుసారాకే అన్న పేరొకటి. బస్తా వేసుకుని వెళ్తుంటే ఆపి అడిగే రోజులవి. "కొనేవోడు కంటితో కొంటాడ్రా, నాలికతో కాదు" అనేవాడు. ఇంటికని మాత్రం సీజన్ చివర్లో, నూకాలమ్మ జాతర ముందు, ఏ మందూ వెయ్యకుండా ఒక పెనం వేరే వండేవాడు. ఉగాది పచ్చడికి మా అన్నదమ్ముల ఇళ్లన్నింటికీ ఆ నల్ల దిమ్మే వెళ్లేది. ఆయన మాత్రం జీవితాంతం టీలో పంచదారే వేసుకున్నాడు! రోజంతా ఆ ఆవిరి పీల్చినవాడికి బెల్లం టీ ఏం రుచిస్తుంది?

అనకాపల్లి జిల్లా కాకముందే పోయాడు. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేశాడు, పెంకుటిల్లు తీసి శ్లాబ్ వేశాడు, మోచేతి మీద పాకం పడిన మచ్చతో వెళ్లిపోయాడు. ఏ సీజన్లోనూ నల్ల దిమ్మని తెల్ల దిమ్మ రేటుకి అమ్మలేకపోయాడు. ఇప్పుడు అదే బెల్లానికి జనం రెట్టింపు ఇచ్చి, పైగా ఫొటో కూడా తీసుకుంటున్నారు.

ఇక వంటింటి సంగతి. అరిసెల పాకానికి ఈ బెల్లం చాలా బాగుంది, ముదురు త్వరగా వస్తుంది కాబట్టి పొయ్యి దగ్గరే ఉండండి. పరమాన్నంలో మాత్రం పొయ్యి ఆపి, కాస్త చల్లారాక కలపండి. వేడి పాలలో వేస్తే విరిగాయి. పరమాన్నం గోధుమ రంగులో ఉంటుంది, చుట్టాలు అడుగుతారు, చెప్పుకోవాలి. రంగు సంగతి ఇంకొకటి: హైడ్రోస్ వేసిన పచ్చటి దిమ్మ నిల్వ ఉంచితే కొన్నాళ్లకి నల్లబడుతుంది. అది పాడవడం కాదు, దాని అసలు రంగు బయటికి రావడం.

దుకాణంలో నచ్చనివి కూడా ఉన్నాయి. బెల్లం పొడి ప్యాకెట్ తెచ్చాను, వారంలో గడ్డకట్టింది, దిమ్మలో ఉన్న వాసన అందులో లేదు. అల్లం బెల్లంలో అల్లం పేరుకే. పాకం సీసా రుచికి బాగానే ఉంది, అట్లలోకి పిల్లలు ఖాళీ చేశారు. కానీ దాని లేబుల్ మీద "షుగర్ ఉన్నవారూ తినవచ్చు" అని వేశారు. ఇది తప్పు. బెల్లం నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా ఎక్కువ భాగం చక్కెరే, రక్తంలో షుగర్ పెంచుతుంది. కౌంటర్లో ఉన్న కుర్రాడితో అంటే "అందరూ అలాగే వేస్తున్నారు సార్" అన్నాడు. ఆ ముక్క తీసేసేదాకా నా చేత్తో వాళ్ల పేరు రాసి ప్రచారం చెయ్యను.

వెళ్లేవాళ్లు డిసెంబరు నుంచి మార్చి లోపు, పొద్దున్నే వెళ్లండి. వంట కళ్లారా చూసి, ఆ రోజు దించిన దిమ్మే అడగండి. ముక్క విరిచి రుచి చూపించమంటే చూపిస్తారు, మొహమాటపడకండి. వానాకాలంలో మాత్రం అరకిలో మించి కొనొద్దు. గాజు సీసాలో గట్టిగా మూత పెట్టినా మాకు చెమ్మగిల్లింది.